ఎర్రగండి గమ్మునున్నప్పుడు

రోజు 1

వకుళా, ముందుగా ఒక తప్పు దిద్దాలి. రోజువారీ సంగతులు రాసే ఈ లాగు పుస్తకం మొదటి పేజీలో, వచ్చేపోయేవాళ్ళందరి కంట్లో పడేలా, ఎర్ర సిరాతో నువ్వు రాసిపెట్టావు: "మా జేజి ఎర్రగండిలో ఒక్క శబ్దం కూడా పోకుండా కాపాడింది." నేనేమీ కాపాడలేదు. మైకు భుజాన వేసుకుని తొమ్మిదేళ్ళు ఈ బండల మధ్య తిరిగి శబ్దాలు పట్టుకొచ్చింది మీ జేజినాయన. నేను నీడపట్టున కూర్చుని కత్తిరించాను. పనికొచ్చేది ఉంచాను, పనికిరానిది తీసేశాను. మా కాపురం కూడా దాదాపు అలాగే సాగింది. అందుకని ఆ వాక్యం కొట్టేశాను. ఎర్ర సిరా మీద నల్ల గీత అందంగానే ఉంది.

నువ్వు రాజధానిలో ప్రభుత్వ శాఖవాళ్ళతో వాదించి తిరిగొచ్చేదాకా నలభై రోజులు ఈ ధ్వని కేంద్రాన్ని నేను చూసుకోవాలి, లాగు రాయాలి. గండిలోకి ఒక్క రేడియో తరంగం కూడా రాకూడదని నియమం పెట్టిన మహానుభావులు కాగితం జోలికి మాత్రం పోలేదు. కాబట్టి ఈ పేజీలు గురువారం గురువారం టపాబండిలో నీకు చేరతాయి. డెబ్బై ఆరేళ్ళ మనిషి చేతిరాత ఇంతకన్నా బాగుండదు. చదువుకో.

ఈరోజు పనులు. వల గదిలో పిట్టపిల్లలకు చెదలు పోశాను. నీళ్ళ మూకుడు కడిగాను. ఇరవై మూడూ ఉన్నాయి. అయిదు వారాల కముజు పిల్లలు, ఒక్కొక్కటి నా పిడికిలంత. ప్రపంచంలో మిగిలిన కముజు పిట్టలు ఇవేననీ, పొదిగించడానికి ఇంకొక గుడ్డు ఎక్కడా లేదనీ నువ్వు చెప్పిన మాట మరచిపోలేదు. మరచిపోతానేమోనని తలుపు మీద కూడా రాసి అంటించావు, సంతోషం. పద్నాలుగో రోజున వీటిని వదలాలి. వదిలిన ఇరవై అయిదు రోజులకు ఆరన్నా బతికుంటే కేంద్రం ఉంటుంది. లేకపోతే కేంద్రానికి తాళం, కముజుకు నీళ్ళు వదులుకోవడం.

ఇంతకుముందు అయిదు విడతల్లో నూట నలభై పిట్టల్ని వదిలావు. ఎక్కువ రోజులు బతికినదానికి పదహారు రోజుల ఆయుష్షు. అన్నిటినీ డేగలే ఎత్తుకుపోయాయి. కముజులు అంతరించాయి గానీ డేగలకేం, పట్నాల్లో పావురాల్ని తిని దర్జాగా బతికాయి.

రాతి సందుల్లోని రెండు వందల పన్నెండు స్పీకరు పెట్టెలూ పలుకుతున్నాయి. నది పలుకుతోంది. అసలు నది ఎగువ నుంచే గొట్టంలో పోతోంది గనక, పలికితే పెట్టెలోనే పలకాలి. గాలి పలుకుతోంది. కముజు కూస్తోంది. తల్లిలేని పిల్లలు ఆ పెట్టెల దగ్గరే కూత నేర్చుకుంటున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ గండి ఇలా ఆగకుండా పలుకుతూనే ఉంది.

రోజు 3

పొద్దున మేకల్ని తోలుకుంటూ సుంకులమ్మ వచ్చింది. గండి అంచున మేపుకునే హక్కు వాళ్ళ తాత నాటిది, శాఖ కూడా దాన్ని పీకలేకపోయింది. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది, నాకన్నా నాలుగింతలు నోరు. నలభై ఏళ్ళుగా నన్ను "మేడమక్కా" అనే పిలుస్తోంది. అందులో మేడమెంతో వెటకారమెంతో ఇప్పటికీ తేలలేదు.

"ఏం మేడమక్కా, మనవరాలు నిన్ను కోళ్ళ కాపలాకు పెట్టి పొయ్యిందంటనే?"

"కోళ్ళు కావు మే, కముజులు."

"కాళ్ళు రెండు, ముక్కొకటి. ఏందైతేనేం? ఈటినే మా నాయన ఉచ్చులేసి పట్టకచ్చి..."

అక్కడ ఆగిపోయింది. నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. చేతిలో కట్టె కదల్లేదు. ఆమె మేకలు పదిహేడూ మేత ఆపి తలలెత్తి నిలబడ్డాయి. పైకి చూశాను. ఎర్రబండ అంచు మీదుగా డేగ ఒకటి తిరుగుతోంది. అర నిమిషం, ముప్పావు నిమిషం. అది బండ చాటుకు పోయింది. మేకలు తలలు దించాయి.

"...కూర జేసేటోడు. ఈపొద్దు ఈటికి చెదలు ఏరి తినిపిస్తాండారు! కాలం ఎట్లొచ్చె సూడు."

వదిలిన చోటే పట్టుకుంది, ఒక్క అక్షరం జారకుండా. ఈ అలవాటు చూసి నలభై ఏళ్ళ కిందట నాకు ఒళ్ళు మండేది. ఈ చుట్టుపక్కల మేకలవాళ్ళంతా అంతే. డేగ నెత్తిమీద ఉన్నంతసేపు మాట్లాడరు, నోట్లో ముద్ద ఉంటే నమలరు. ఎందుకని అడిగితే "గమ్మునుండల్ల, అంతే" అంటారు. చదువుకున్నదాన్ని గనక మూఢనమ్మకం అని ఒక మాటలో తేల్చేశాను. చదువుకున్నవాళ్ళకు అదొక సౌకర్యం.

ఆమె వల గది దగ్గర వంగి చూసింది. పిల్లలు కిచకిచలాడుతూ చెదలు ఏరుకుంటున్నాయి. డేగ తిరిగినంతసేపూ అలాగే ఏరుకున్నాయి.

"నీ పిల్లలకు గమ్మునుండేది తెల్దే!" అంది. తరువాత రాతి సందులో పెట్టెకేసి గడ్డం ఎగరేసి, "దాంట్లో పిట్టకు గుండె చానా పెద్దదబ్బా. నెత్తిన డేగ తిరుగుతాంటే కూడా కూత ఆపల్యా" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. లోపలికొచ్చి లాగు రాస్తున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాను. పై వాక్యం రాశాక కలం ఆగింది.

రోజు 4

పొద్దున అయిదు నుంచి పదకొండు దాకా పెట్టెల్లో వచ్చే ధ్వని ధారను గడియారం పెట్టుకుని విన్నాను. ఆరు గంటలు. కముజు, పికిలి, గాలి, నది, కముజు, గువ్వ, కముజు. ఎక్కడా అయిదు సెకన్లకు మించిన ఎడం లేదు.

ఉండదు. ఉండకూడదని నియమం రాసింది నేనే. 'ధ్వని శుభ్రపరచు నియమాలు', ఏడవది: "అయిదు సెకన్లకు మించిన శూన్యాన్ని తొలగించి రెండు కొసలనూ అతకవలెను." వలెను అట. అప్పట్లో గ్రాంథికంగా రాస్తే ఎవరూ ఎదురు చెప్పరని నాకు నమ్మకం ఉండేది.

చెదలు పోశాను. ఇరవై మూడూ ఉన్నాయి.

రోజు 5

నా పాత కత్తిరింపుల చిట్టా బీరువా అడుగున దొరికింది. నువ్వు దాన్ని కుంటి బల్ల కాలి కింద పెట్టకుండా వదిలినందుకు నీకు రుణపడి ఉంటాను.

ప్రతి కోతకూ వేళ, ఎందుకు కోశానో ఒక అక్షరం, ఎంత పొడవో. 'శూ' అంటే శూన్యం. 'మ' అంటే మనిషి గొంతు. ఒక చైత్రమాసపు పొద్దుటి పేజీ ఇది:

మ, 2 సె. శూ, 41 సె.
మ, 2 సె. శూ, 38 సె.
మ, 2 సె. శూ, 55 సె.

పేజీ తరువాత పేజీ అంతే. తొమ్మిదేళ్ళూ అంతే. ముందు రెండు సెకన్ల మనిషి గొంతు, వెంటనే ముప్పావు నిమిషం శూన్యం. రాసినదాన్ని నేనే. ఒక్కసారైనా ఆ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చదవలేదు.

ఆ మనిషి మీ జేజినాయన. ఆ రెండు సెకన్లలో ఆయన అన్న మాట ఏమిటో ఇప్పుడు చెప్పగలను. "డేగ" అన్నాడు. డేగ కనబడగానే మైకులో ఆ మాట చెప్పి తానూ ఆగేవాడు. గండి మొత్తం ఆగేది. పికిలి ఆగేది, కముజు ఆగేది, కీచురాయి కూడా ఆగేది. డేగ దాటాక ముందు ఎవరో ఒకరు తెగించి కూసేవారు, తరువాత అందరూ.

ఆయన ఒకసారి నాతో పోట్లాడాడు కూడా. మూడో ఏడో నాలుగో ఏడో అది. నా వెనక నిలబడి, "అది ఖాళీ కాదు మే. గండి ఊపిరి బిగబట్టింది. అది గూడా గండి మాటే" అన్నాడు.

"డిస్కులో చోటు మీ అత్తగారిస్తుందా?" అన్నాను.

మా అమ్మను మధ్యలోకి లాగితే ఆయన నోరు మూసుకుంటాడని తెలుసు. మూసుకున్నాడు. నేను అతికాను.

రోజు 6

నీకు చెప్పాల్సినది ఇది. రేపు గురువారం, టపాబండి వస్తుంది గనక ఇవాళే రాసేస్తాను.

నూట నలభై పిట్టలు చచ్చిపోవడానికి నీ పెంపకం కారణం కాదు. ఒక్కొక్క విడతలో మిగిలిన ఈకల్ని ఏరి పాతిపెట్టి, "నా చేతి వాసే మంచిది కాదేమో జేజీ" అన్నావు. మంచిది కానిది నా చెయ్యి. ఆ పిల్లలకు బడి ఈ పెట్టెలే కదా. ఆ బడిలో డేగ పాఠం చింపేసి, మిగిలిన పుస్తకం కుట్టి ఇచ్చాను. డేగ వచ్చినప్పుడు పెట్టెలోని పిట్ట హాయిగా కూస్తూనే ఉంటుంది. భయం లేదు, భయం లేదు అని రెండు వందల పన్నెండు చోట్ల నుంచి అబద్ధం చెబుతుంది. పిల్లలు నమ్ముతాయి.

కోయని రికార్డింగులు ఏవీ లేవు. ఆ డిస్కుల మీదే మళ్ళీ మళ్ళీ రాశాం. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆయన గొంతు ఎక్కడైనా రెండు సెకన్లు మిగిలిందేమోనని నిన్నంతా వెతికాను. నా చెయ్యి శుభ్రమైన చెయ్యి. ఒక్క చుక్క మిగల్చలేదు. ఎన్నిసార్లు కోశానో మాత్రం చిట్టాలో ఉంది. ఆరు వేల నూట పద్నాలుగు.

మొదటి పేజీలో నువ్వు రాసినదాన్ని నల్ల గీతతో కొట్టేశానని చెప్పాను కదా. దాని మీద ఇంకో గీత గీశాను.

రోజు 8

శూన్యం తయారు చెయ్యడానికి రికార్డింగు ఎందుకు? మీట నొక్కితే చాలు. ఎప్పుడు నొక్కాలన్నదే సంగతి.

నా గొడుగు విప్పి, గుడ్డ కోసి, వెదురు బద్దలకు చుట్టి డేగను చేశాను. అటు బండ నుంచి ఇటు బండకు పెట్టెలు పంపే పాత తీగ ఉంది కదా, సరిగ్గా వల గది మీదుగా పోతుంది. దానికి కట్టాం. సుంకులమ్మ అటు నుంచి తాడు లాగుతుంది. నీడ గది మీద పడగానే నేను పెద్ద మీట దించుతాను. గండి గమ్మునవుతుంది.

"ఇది డేగా? గబ్బిలానికి కామెర్లొచ్చినట్లుండాది" అంది సుంకులమ్మ.

"నువ్వు తాడు లాగు."

"లాగుతాలే. దీన్ని సూసి పిల్లలు నవ్వి సస్తే నన్ననగాకు."

రోజు 9

ఆరుసార్లు లాగాం. మీట దించగానే ఇరవై మూడు పిల్లలూ తలలెత్తి, ముందుకన్నా గట్టిగా అరవడం మొదలుపెట్టాయి. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా ఇంతే. పట్నంలో అందరి పిల్లల్లాగే నిన్నూ గోడ పెట్టెలో ఎర్రగండి ధార పెట్టి పడుకోబెట్టేవాళ్ళు. కరెంటు పోయి అది ఆగితే చాలు, లేచి కొంప మునిగినట్టు ఏడ్చేదానివి. మీ తరానికి మాటల మధ్య ఎడం ఎందుకు ఉండదో ఇప్పుడు తెలిసింది. అదీ నా పనే అయి ఉంటుంది.

రోజు 11

పద్నాలుగుసార్లు. ఏమీ లేదు. ఒక పిల్ల గొడుగు డేగ వంక చూసి ఆవులించింది. పక్షులు ఆవులిస్తాయో లేదో తెలియదు. అది ఆవులించింది.

రోజు 12

తాడు తెగింది. డేగ వెదురు బద్దలతో సహా వల గది మీద దభీమని పడింది. నేను అప్పుడే మీట దించాను. ఆ నిశ్శబ్దంలో ఇరవై మూడు పిల్లలూ నేలకు అంటుకుపోయాయి. మట్టిలో మట్టి అయిపోయాయి. ఒకటి వల అంచు కింద నుంచి నా చెప్పు కింద దూరింది. ఎంతసేపు చూసినా ఒక్క రెక్క కదల్లేదు.

సాయంత్రం డేగ లేకుండా ఊరికే మీట దించాను. మళ్ళీ అన్నీ అంటుకుపోయాయి.

ముప్పై ఏళ్ళు ధ్వనిశాస్త్రం చదివి నేను చెప్పలేని పాఠాన్ని పాతబడిన తాడు చెప్పింది. సుంకులమ్మ తన గొప్పేనని చెప్పుకుంటోంది. కాదనలేదు.

రోజు 14

ఏడు గంటలకు తలుపు తీశాను. ఒక్కటీ కదల్లేదు. ఎనిమిదింటికి ఒకటి బయటికొచ్చింది. ఎనిమిదింబావుకు గది ఖాళీ.

సుంకులమ్మ పైన అంచు మీద ఎర్ర తువ్వాలుతో కూర్చుంది. డేగ కనబడితే తువ్వాలు ఊపుతుంది, నేను మీట దించుతాను. ఈరోజు తొమ్మిది డేగలు. తొమ్మిదిసార్లూ పిట్టలు అణిగిపోయాయి. ఇరవై మూడూ ఉన్నాయి.

రోజు 16

రాయబుద్ధి కావడం లేదు. అయినా ఇది లాగు.

పదకొండింటికి సుంకులమ్మ టీకి దిగొచ్చింది. టీలో బెల్లం ఎక్కువైందని ఆమె, ఆమె నాలుక మీదే చక్కెర జబ్బు ఉందని నేను. అంతే, అయిదు నిమిషాలు. గుమ్మంలోంచి చూస్తే యాభయ్యో నంబరు పెట్టె కింద నాలుగు పిట్టలు మేస్తున్నాయి. డేగ వాలుగా వస్తోంది. అవి చూశాయి, వకుళా. నాలుగూ పైకి చూశాయి. తరువాత పెట్టె వైపు చూశాయి. పెట్టెలోని కముజు కూస్తూనే ఉంది. మళ్ళీ తలలు దించి మేతలో పడ్డాయి.

ఒకదాన్ని ఎత్తుకుపోయింది. మిగిలిన మూడూ మేత ఆపలేదు, ఎందుకంటే కూత ఆగలేదు. వెనకే దాని జంట డేగ వచ్చింది. మీట దగ్గరికి నాకు ఇరవై రెండు అంగలు. పంతొమ్మిదో అంగలో ఉండగా రెండోదీ పోయింది.

సుంకులమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "వాటి కండ్లు బాగానే పనిచేస్తాండాయి మేడమక్కా. పెద్దోళ్ళ మాట ఇని సెడిపోయినాయి" అంది.

రెండు గ్లాసులూ ఆమె ముందే విసురుగా కడిగాను. ఆమె తప్పేమీ లేదు.

రోజు 17

నలుగురు మనుషులు, ఎనిమిది కళ్ళు ఉన్నా ప్రతి డేగకూ మీట దించలేరు. మేమా ఇద్దరం, ఒక కంటికి శుక్లం. పెట్టెలు పలికినంత కాలం పిట్టలు తమ కళ్ళను నమ్మవు.

పొద్దున ఆరింటికి పెద్ద మీట దించి, దాని పిడి ఊడదీసి చీర కొంగులో కట్టుకున్నాను. ఇంక ఎత్తను.

ఈ మీట దించితే ఆగిపోయే తీగ మీదే నాలుగు పట్నాల పడకగదులకు ధార పోతుందని నాకు తెలుసు. అది మీ జేజినాయన తొమ్మిదేళ్ళు, నేను ఇరవై రెండేళ్ళు చేసిన పని అని కూడా తెలుసు. మా పేర్లు ఇంకెక్కడా లేవు. పిడి చిన్నదే, కొంగులో బరువుగా ఉంది.

శాఖవాళ్ళు నిన్ను అడిగితే, ముసలిదానికి మతి చలించిందని చెప్పు. నీ ఉద్యోగం దక్కుతుంది.

రోజు 18

గండి నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు.

ఎండ ఎక్కేకొద్దీ ఎర్రబండ టిక్కు టిక్కుమంటుంది, పాత గోడగడియారంలా. పడమటి చీలికలోంచి గాలి వచ్చేటప్పుడు లోగొంతుకతో ఒక్క స్వరమే పలుకుతుంది. మా రికార్డింగులో ఉన్న గాలి దానికి దూరపు చుట్టం కూడా కాదు. రెండో మలుపు కింద రాతి జాలు ఉంది. నిమిషానికి పదకొండు చుక్కలు. ముప్పై ఏళ్ళుగా అక్కడ చుక్క పడుతోందని ఎవరికీ తెలియదు. దాని నెత్తినే పెట్టె పెట్టి పెన్నానది హోరు వినిపించాం.

ఇంకా: సుంకులమ్మ చెప్పుల టపటప. మూడో మలుపు దగ్గర ఇనుప గేటు కిర్రు. నా మోకాళ్ళు. ఇవి కూడా గండి శబ్దాలే, ఏం చేస్తాం.

పిట్టలు రోజంతా పొదల్లోంచి రాలేదు. పదిహేడు కనిపించాయి.

రోజు 23

శాఖ నుంచి పరిశీలకుడు వచ్చాడు. పేరు నిరంజన్. ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళ కింద నలుపు.

"మేడం, లైన్ ఎక్కడ తెగింది?"

"తెగలేదు నాయనా. నేనే తీశాను."

"తీశారా! నాలుగు ఊళ్ళు నిద్రపోవడం లేదు మేడం. మా పాప ఆరు రోజులుగా కన్ను మూయలేదు. మా ఆవిడ అయితే..."

"నీకు నిద్ర రాకపోతే మీ అమ్మ ఏం చేసేది?"

"ధార పెట్టేది."

తప్పు ప్రశ్న అడిగాను. గుమ్మం ముందు బండ మీద కూర్చోబెట్టాను. సుంకులమ్మ అతని పక్కన చతికిలబడి తలకాయ నుంచి బూట్ల దాకా చూసింది. రెండు నిమిషాలు విని అతను, "ఏమీ లేదే ఇక్కడ" అన్నాడు. ఎవరూ పలకకపోయేసరికి మాటలు అందుకున్నాడు. నివేదికలు, నిబంధనలు, నీ మీద రాబోయే చర్య. ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతున్నాడు.

సుంకులమ్మ అరచెయ్యి చాచి అతని నోరు మూసింది. మేకల వాసన వచ్చే చెయ్యి. అతని కళ్ళు పెద్దవయ్యాయి. డేగ నీడ అటు బండ మీద నుంచి ఇటు బండకు జారింది. చీలికలో గాలి తప్ప గండిలో ఏదీ లేదు. అయిదు కాదు, పది కాదు, నలభై నాలుగు సెకన్లు. నా గడియారంలో చూశాను.

అప్పుడు దక్షిణపు అంచు నుంచి ఒక కముజు, కాస్త వణుకుతూ, కూసింది. ఆగింది. అటు బండ మీద నుంచి ఇంకొకటి జవాబిచ్చింది.

సుంకులమ్మ చెయ్యి తీసింది.

"ఇది ఏ నంబరు పెట్టె మేడం?" అని గుసగుసగా అడిగాడు.

"పెట్టె కాదు."

అతను లేచి ఆ కూత వైపు చెవి పెట్టాడు. నా మాట పూర్తిగా నెగ్గిందనుకోకు. పోయేటప్పుడు నివేదికలో 'ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం' అని నా కళ్ళ ముందే రాశాడు. ముప్పై తొమ్మిదో రోజు లెక్కలో ఆరుకు తగ్గితే కేంద్రమూ పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. అప్పటిదాకా మీట జోలికి రానన్నాడు. గేటు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, "పాపకు ఏం చెప్పాలి?" అని అడిగాడు.

"పక్కన కూర్చో. నువ్వు గమ్మునుండు" అన్నాను. ఇంటికెళ్ళి ప్రయత్నించాడో లేదో తెలియదు.

రోజు 27

పన్నెండు. ఈకలు నేనే పాతాను. నువ్వు పాతే చోటే.

రోజు 33

పది. జాలు దగ్గర నీళ్ళు తాగుతున్నాయి. నిమిషానికి పదకొండు చుక్కలకు పది పిట్టలు వరుస కట్టాయి, మనుషులకన్నా నయంగా.

రోజు 39

నిరంజన్ తెల్లారేసరికి వచ్చాడు. కళ్ళకు కనిపించేవి తక్కువ గనక చెవులతో లెక్కపెట్టాం. ఒకటి కూస్తుంది, ఆగుతుంది. ఆ ఎడంలో ఇంకొకటి జవాబిస్తుంది. మా పెట్టెల్లో ఈ జవాబు కూడా లేదు. ఒక గొంతు మీద ఇంకొకటి పడితే మురికి అని అదీ కోసేశాను. ఎవరూ నేర్పకుండా దీన్ని ఎలా నేర్చుకున్నాయంటే, పక్కదానికి చోటివ్వడానికి బడి అక్కర్లేదేమో, అడ్డం వచ్చేవాళ్ళు లేకపోతే చాలునేమో.

తొమ్మిది. అతనూ తొమ్మిదే రాసుకున్నాడు. సంతకం పెట్టాడు.

గెలిచామని నేను రాయను. ఇరవై మూడులో పద్నాలుగు పోయాయి, అంతకుముందు నూట నలభై. ఆయన మాట ఆ రోజే విని ఉంటే ఇవేవీ పోయేవి కావు. వినడమే నా ఉద్యోగం కూడాను.

లెక్క ముగించి కూర్చున్నాక ఎర్రబండ అంచు మీద డేగ తేలింది. గండి ఇంకా ఆగలేదు. ఆ మధ్యలో రెండు సెకన్లు ఉంటాయి. నాకు తెలియకుండానే నా నోట్లోంచి "డేగ" అని వచ్చింది. మెల్లగానే.

గండి బిగుసుకుంది. డేగ పోయింది. కూతలు మొదలయ్యాయి. అప్పుడు సుంకులమ్మ నా వైపు తిరిగి, "మేడమక్కా, డేగొచ్చినప్పుడు గమ్మునుండల్లని నలభై ఏండ్లకు గూడా నీకు రాల్య" అంది.

"ముందు ఎవరో ఒకరు చెప్పాలి గదా మే."

ఆమె తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. మీ జేజినాయన్ని ఆమె కూడా ఎరుగును.

రోజు 40

నీ ఉత్తరం నిన్న నిరంజన్ తెచ్చిచ్చాడు, ఈ పేజీ కూడా టపాబండికి ఆగకుండా అతని చేతికే ఇస్తున్నాను. ఎల్లుండి బయలుదేరుతున్నానన్నావు, నామీద కోపం లేదన్నావు. రెండోది నేను నమ్మను. వచ్చాక తీరిగ్గా తిట్టు, ఎడం ఇచ్చి తిట్టు, నేను జవాబు చెప్పుకోవాలి.

కొట్టేసిన వాక్యం కింద నేనేమీ రాయలేదు. నువ్వూ రాయొద్దు.

ఇక వచ్చేటప్పుడు చెయ్యాల్సిన పని ఒకటి. మూడో మలుపు దగ్గర ఇనుప గేటు కిర్రుమంటోంది. దాని పక్క బండ కింద ఒక జంట గడ్డి పోగేస్తోంది. ఎందుకో ఇప్పుడే అనను, అంటే దిష్టి. బజారులో కుట్టుమిషన్ నూనె చిన్న సీసా ఒకటి కొను, వంటనూనె తేవద్దు, చీమలు పడతాయి. బండిని రెండో మలుపు దగ్గరే వదిలి నడిచి రా. గేటు ముట్టుకోకముందు పైకి చూడు. డేగ ఉంటే అది దాటేదాకా నిలబడు, ఊపిరి కూడా గట్టిగా తియ్యకు. తరువాత పై కీలుకు రెండు చుక్కలు, కింది కీలుకు రెండు చుక్కలు వేసి, నూనె దిగేదాకా వంద లెక్కపెట్టు. మనసులో లెక్కపెట్టు. అప్పుడు గేటు తియ్యి.